ఇఫ్‌కి తోక

కాశీబుగ్గలో జెరాక్స్ షాపు మీద గది.
ఏడున్నరకి షెడ్డు కట్టేసి
వేళ్ల మీది జీడి మరకలకి కొబ్బరినూనె రాసుకుని
సంఘం పదకొండు మందిమీ ఇంగ్లీషుకి కూచుంటాం.
మహాపాత్రో మాస్టారు బోర్డు మీద
రెండక్షరాలు రాసి సుద్ద దులుపుకున్నారు.
"ఇది దాటితే ఊరు దాటినట్టే."

మాకు ‘తే’ వెనక ఉంటుంది.
వానొస్తే. బస్సు తప్పితే. గుండు పప్పు బద్దలైతే.
మాటంతా విన్నాక గానీ తెలీదు, అది ఇంకా ఖాయం కాదని.
పప్పుని కరుచుకున్న ఎర్రపొట్టులాగ,
చాకుమొనతో గీకితేనే ఊడుతుంది.
వాళ్లకి ముందే పెంకు.
ఇఫ్ అనగానే చెయ్యి చురుక్కుమంటుంది,
లోపలేముందో తర్వాత సంగతి.

"వేడి చేస్తే పిక్క పేలుతుంది.
ఇది నిన్నా నిజం, రేపూ నిజం.
అందుకని రెండు వైపులా వట్టి వర్తమానం. విల్ వద్దు."
"విల్లూ వద్దు, బాణమూ వద్దా?" ఎవరో వెనక నించి.
కాల్చే కాడ పనిచేసే బైరి సుందరమ్మ మాత్రం నవ్వలేదు.
"ఆ సంగతి నా సెయ్యినడగండి బావూ."

తర్వాత, ఇఫ్ ఐ వర్ యూ.
ఐ అంటే ఒక్కదాన్నే కదా, వాజ్ కదా రావాల?
పుస్తకంలో వర్ అట,
ఫోన్లలో వాజ్ కూడా నడిచిపోతుందట.
అందరూ రాసుకుని పేజీ తిప్పారు.
నేను వర్ కాడే ఆగిపోయాను.
ఉన్నదాంట్లో నన్నెవరూ మీరు అనలేదు.
లేనిదాంట్లోకి అడుగు పెట్టగానే
బహువచనం ఇచ్చి కుర్చీ వేశారు.

షెడ్డు తలుపుకి కరెంటోళ్లు అంటించిన కాయితం:
ఇఫ్ నాట్ పెయిడ్.
ఎవరు కట్టకపోతే? ఎవరు పీకేస్తారు?
రాతలో ఇఫ్‌కి మనుషులు అక్కర్లేదు.

మాటలో తోక కూడా అక్కర్లేదు.
బ్యాంకులో కొత్త మేనేజరమ్మ అంది,
ఇఫ్ యూ కుడ్ వెయిట్ అవుట్‌సైడ్.
మిగతా సగం కోసం నిలబడ్డాను.
బయట ఉండగలిగితే, ఏటి?
టీ ఇస్తారా? లోను ఇస్తారా?
ఆవిడ కంప్యూటర్లోకి వెళ్లిపోయింది.
"అది అంతే తల్లీ," అన్నారు మాస్టారు,
"ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న పొమ్మనడం."

మా అమ్మదీ తోక లేనిదే.
తిత్లీ తెల్లారి, తోటంతా పడుకుండిపోయిన నాడు,
వేళ్లు పైకి తేలిన చెట్టు మీద కూచుని
"ఆ గాలి ఇటేపు తిరక్కపోతే..." అంది.
ఏళ్లు గడిచాయి.
చెట్టుని కోసి తీసుకుపోయారు.
వాక్యం ఇంకా అక్కడే కూచునుంది.
దానికి ఇటు హాడ్ పెట్టాలి, అటు వుడ్ హ్యావ్ పెట్టాలి,
మాస్టారు బోర్డు నింపేశారు.
మాట్లాడేటప్పుడు వుడావ్ అని సగం మింగేస్తారట.
అమ్మ మొత్తం మింగింది.

హోంవర్కు ఐదు వాక్యాలు. నాలుగు రాశాను:
వాన, బస్సు, నేను కలెక్టరునైతే, నాకు రెక్కలుంటే.
ఐదోది మొదలెట్టబోతే ఫోను.
రాయపూర్ సేటు. మూడు లోడ్ల బాకీ,
నాలుగోది ఎప్పుడంటాడు.
ఇఫ్ మార్కెట్ ఇంప్రూవ్స్, ఇఫ్ మై పార్టీ పేస్,
ఒక్కో ఇఫ్ వెనకా ఒక్కో గోడౌను కట్టి
అందులోకి దూరి గడియ పెట్టుకుంటున్నాడు.
సుందరమ్మ నా మోచెయ్యి గిల్లింది.

ఇఫ్ యూ డోంట్ పే, అన్నాను, వుయ్ డోంట్ లోడ్.

అవతల కాసేపు ఫ్యాను చప్పుడు.
మాస్టారు గుసగుసగా,
"వోంట్, నీలవేణీ. వుయ్ వోంట్ లోడ్. జరగబోయేది కదా."
కాదు మాస్టారూ.
వేడి చేస్తే పిక్క పేలుతుంది.
విల్ వద్దన్నది మీరే.

సేటు ఫ్రైడే అన్నాడు.
ఏ ఫ్రైడేయో చెప్పలేదు.
దానికి రేపటి పాఠంలో ఏముందో చూడాలి.