ఎడమ కాలి బూటు

సినిమా మొదలై పదకొండు నిమిషాలైంది.
ఇన్‌స్పెక్టర్ రెజ్నెక్ వంతెన దిగి వస్తున్నాడు.
వాన, పసుపు దీపాలు, పైకెత్తిన కాలరు,
అన్నీ మొదటి భాగంలో ఉన్నట్టే.
హాలంతా ఈలలు.
పక్క సీట్లో ఇల్కా మాత్రం
కళ్లు మూసుకుంది.

ఆమె సినిమా చూడదు. వింటుంది.

బుడాపెస్ట్‌లో, ట్రాము వెళ్లినప్పుడల్లా
గాజుగ్లాసులు వణికే ఒక నేలమాళిగలో
ముప్పయ్యేళ్లు అడుగులు చేసింది ఇల్కా.
తెర మీద ఎవరు నడిచినా
చీకట్లో నడిచింది ఆమే.
మంచు కావాలంటే గుడ్డసంచిలో గంజిపిండి,
వేలు విరగాలంటే పచ్చి క్యారెట్టు,
శవాన్ని ఈడ్చాలంటే తడిసిన ఓవర్‌కోటు.
ఇసుకపెట్టె మోసేవాణ్ణి నేను.
నాకప్పుడు పందొమ్మిది.

మొదటి రెజ్నెక్‌కి నడక లేదు.
నటుడు రబ్బరు బూట్లేసుకుని పిల్లిలా తిరిగాడు.
ఏదో ఒకటి చెయ్యండి అన్నాడు డైరెక్టరు.
ఇల్కా ఇంటికెళ్లి
పోయి నాలుగు నెలలైన భర్త బూట్లు తెచ్చింది.
ఎడమ మడమ ఒక పక్కకి అరిగిపోయినవి.
తపాలా సంచి ఆ భుజానే మోసేవాడట లోరింట్స్.

టక్.
టకస్.
టక్.
టకస్.

ఆ రెండో చప్పుడులో చిన్న తడబాటు,
ఏ తలుపు ముందైనా
ఈ కబురు చెప్పాలా వద్దా అని
ఒక్క క్షణం ఆగే మనిషిది.
రెజ్నెక్ అంటే అదే.
ఆ యేడు పత్రికలన్నీ
నటుడి మౌనాన్ని మెచ్చుకున్నాయి.

ఇప్పుడు రెండో భాగం.
హెలికాప్టర్లున్నాయి. డాన్యూబ్‌లో మునిగే పడవ ఉంది.
అప్పుడు ఒక్కటే శవం, ఒక పళ్ల డాక్టరు.
ఎవరు చంపారన్నది కాదు,
అతని చెల్లెలు ఎందుకు ఏడవలేదన్నదే కథ.
ఇప్పుడు శవాలు పద్నాలుగు,
ఒక్కరి పేరూ గుర్తు లేదు నాకు.
ఆధారాల్ని ఆయన వెతకడు,
అవే వచ్చి ఆయన అడుగులకు మడుగులొత్తుతాయి.

అయినా ఒప్పుకోవాలి,
పడవ మునిగేటప్పుడు నేనూ సీటు అంచుకొచ్చాను.
ముందు వరసలో ఒక పిల్లాడు
పాప్‌కార్న్ నోటిదాకా తీసుకెళ్లి
తినడం మరిచిపోయాడు.
మొదటిది వచ్చేనాటికి వాడు పుట్టలేదు.
వాడికి ఇదే మొదటిది.

ఇల్కా నా చెవి దగ్గర గొణిగింది:
"రెండు కాళ్లూ ఒకటే, బాలింట్.
ఎవరీయన?"

నేను మాట్లాడలేదు.
ఆ అడుగులు పెట్టింది నేనే.
మగ, తోలుబూటు, తడిరాయి, మామూలు వేగం.
శబ్దాల లైబ్రరీలో నాలుగువందల పన్నెండో ఫైలు.
ఎడమకీ అదే, కుడికీ అదే.
గడువు తొమ్మిది రోజులు.
ఇల్కాకి ఫోన్ చేద్దామా అని ఎవరో అన్నారు.
ఆమె మోకాళ్లు బాగోలేవని
చెప్పింది కూడా నేనే.

ఇందాక బాల్కనీ మెట్లు
నాకంటే ముందే ఎక్కేసింది.

గంటా నలభై నిమిషాలకి
రెజ్నెక్‌కి గతం గుర్తొచ్చింది.
పాత సినిమా ముక్క, పన్నెండు సెకన్లు,
పాత శబ్దంతోనే.

టక్.
టకస్.

ఇల్కా కళ్లు తెరిచింది.
తెర వైపు కాదు,
పక్కకి తిరిగి తలుపు వైపు చూసింది,
ఎవరో ఆలస్యంగా వచ్చి
చీకట్లో సీటు వెతుక్కుంటున్నట్టు.

ఆ తర్వాత కాల్పులు, ఒక పెద్ద మంట,
మూడో భాగం ఉంటుందని ఒక నవ్వు.

బయట వాన ఆగింది.
పిల్లాడు వాళ్ల నాన్న చెయ్యి లాగుతున్నాడు,
మళ్లీ చూద్దాం, రేపే చూద్దాం అని.
ఏది బాగుందని నేను ఇల్కాని అడగలేదు.
ట్రాము స్టాపు దాకా ఇద్దరం నడిచాం.
నా అడుగులు నాకే వినిపిస్తున్నాయి, సిగ్గుగా.

ట్రాము ఎక్కుతూ, కడ్డీ పట్టుకుని, అడిగింది:
"నాలుగువందల పన్నెండేనా?"
తలూపాను.
"పదిహేడు పెట్టాల్సింది," అంది.
"అందులో కాస్త అలసట ఉంటుంది."