గాజుపలక మీద మార్చి

తెల్లవారుజామున అయిదున్నరకి మేడెక్కుతాను.
రాత్రంతా గాలి పీల్చిన యంత్రం
నా కోసం ఒక గాజుపలకని దాచి ఉంచుతుంది.
గులాబీరంగు చుక్క వేసి, పైన పల్చటి మూత పెట్టి
కన్ను ఆనించి లెక్కపెడతాను.

ఒకటి, రెండు, పది, నలభై...
గుండ్రటి రేణువులు, రెండేసి చిల్లులు.
కంటికి ఆనని వాటికి
ఇస్లామాబాద్ అంతా తెలిసిన పేరు:
జంగ్లీ తూత్.

ఆరున్నరకి అంకె రేడియోకి వెళ్తుంది.
ఘనపు మీటరుకి ముప్ఫై ఎనిమిది వేలు.
అప్పటికే ఊరు తుమ్ముతూ లేచి ఉంటుంది.
తుమ్మినవాడు దేవుడికి కృతజ్ఞత చెబుతాడు,
పక్కవాడు, ఇతన్ని కరుణించు, అంటాడు,
నాలుగో తుముకి ఇద్దరూ మానేస్తారు.
దేవుణ్ణి మాత్రం ఎన్నిసార్లని పిలుస్తాం.

ఈ ఊరు ఇంకా కాగితం మీద గీతలుగా ఉన్నప్పుడు
కొండ అంచు బోసిగా ఉందని ఎవరో తొందరపడ్డారట,
విమానంలోంచి విత్తనాలు చల్లించారట.
మా ఆఫీసు ప్యూను సాబిర్ మసీహ్ అంటాడు:
"పెళ్ళికూతురికి జుట్టు చాల్లేదని సవరం పెట్టారు బీబీ,
ఇప్పుడు సవరమే తలని తింటోంది."
ఎక్కడో ఈ చెట్టు బెరడుతో కాగితం చేస్తారని చదివాను.
మాకు మందుల చీటీలు చేసి పెట్టింది.

ఇంటికి వెళ్ళే దారిలో ఒక పెద్ద గేటు.
కాపలా షేర్ వలీ, చిత్రాల్ మనిషి,
రోజూ ఆపి అడుగుతాడు:
"బాజీ, ఇవాళ ఎంత?"
యజమానులు మార్చి ఒకటినే కరాచీ వెళ్ళిపోయారు,
కుక్కతో సహా.
ఇల్లు ఊపిరి పీల్చదు, దానికేం కాదు.
సెలవడిగితే కుదరదు ఇతనికి,
తుమ్మితే ఊడే ముక్కు ఆ ఉద్యోగం.

అంకె చెబుతాను.
ధర విని కొనకుండా వెళ్ళేవాడిలా తలాడించి
తువ్వాలు తడిపి ముక్కుకి కట్టుకుంటాడు.
రాత్రి గోడ మీద పిల్లి, ఛాతీలో పిల్లికూతలు,
ఏది ఏదో గస్తీ పోలీసుకి తెలియదట.
అయినా అతని కుర్చీ ఆ చెట్టు కిందే.
"చోటు మార్చకూడదూ?"
"జూన్‌లో ఈ వీధిలో
నన్ను కూర్చోమనేది ఇదొక్కటే బాజీ.
ఎనిమిది నెలల నీడకి ఒక నెల అద్దె."

ఇరవై రెండో తారీఖున అద్దె పెరిగింది.
ఆసుపత్రి వరండాలో, సగం మంచం మీద,
నెబ్యులైజర్ ఆవిరి వెనక అతని ముఖం.
మాస్కు తొలగించి అడిగాడు, "ఎంత?"
పధ్నాలుగేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి
తొమ్మిది వేలు తగ్గించి చెప్పాను.

ఏప్రిల్‌లో లారీ వచ్చింది, రంపాలతో.
చెట్టుకొక కాగితం, కాగితానికొక సంతకం.
మోడు మీద నీలం రంగుతో నంబరు వేశారు.
షేర్ వలీ ఆ పూట గేటు లోపలే ఉండిపోయాడు.

ఇప్పుడు జూన్. నలభై నాలుగు డిగ్రీలు.
నా యంత్రానికి పని తగ్గింది.
అతని కుర్చీ గోడ నీడ వెంట జరుగుతూ ఉంటుంది,
మిట్టమధ్యాహ్నం గోడ నీడ గోడకే చాలదు.

మొన్న సాయంత్రం నమాజుకి ముందు
మోడు పక్కన గొంతుక్కూర్చుని వజూ చేస్తున్నాడు.
చేతులు. నోరు.
ముక్కులోకి నీళ్ళు ఎగబీల్చి మూడుసార్లు చీదాడు.
నీళ్ళన్నీ మోడు మొదట్లోకే.
అక్కడ, నీలం నంబరు పక్కన,
వేళ్ళు విడీ విడని పసిచేతుల్లాంటి
నూగు ఆకులు.

నన్ను చూసి దొరికిపోయినట్టు నవ్వాడు.
"నీళ్ళు ఎక్కడో చోట పారాలిగా."
చిగురు కనిపిస్తే నింపాల్సిన ఫారం
నా సంచీలో ఉంది, పెన్ను కూడా.

అలవాటుగా అడిగాడు:
"ఇవాళ ఎంత బాజీ?"

వంగి చూశాను.
"అయిదు" అన్నాను.