ఎర్రగీత

పత్తికొండ దాటినాక, వంక మీద వంతెన.
సైటు షెడ్డులో రేకు గోడకు
నేను అంటించిన చార్టు:
నలభైమూడు పెట్టెలు, వాటి మధ్య బాణాలు,
నడుమ పాములాగా ఒక ఎర్రగీత.

తుంగభద్ర ఇసుక నాలుగు రోజులు ఆలస్యమైనా పర్లేదు.
బేతంచెర్ల బండలు పదకొండు రోజులు ఆగగలవు.
రెయిలింగు రంగు సంగతి అడగనే వద్దు.
వాటికి వెసులుబాటు ఉంది.
ఎర్రగీత మీద ఉన్నవాటికి
ఒక్క పూట కూడా లేదు.

మేస్త్రీ కుళ్లాయప్పకు చెప్పబోయి తడబడ్డాను:
"అన్ని దార్లలో పొడుగైన దారి ఏదో
పని ముగియడానికి పట్టే తక్కువ కాలం అదే."
ఆయన బీడీ ఆర్పి నా మొహం చూశాడు.
పొడుగేంది, తక్కువేంది.

గోనెపట్టాలు మడతలు విప్పుతున్న సుంకమ్మ
వెనక్కి తిరక్కుండానే అంది:
"సంగటికి ఎసరు పెట్టినాక
ఊరిబిండి ఎప్పుడన్నా నూరుకోవచ్చు సామీ.
ఎసరు కాగకుంటే మాత్రం
ఇంటిల్లిపాదీ తట్టల ముందర కూచోవాల్సిందే.
నీది ఎసరు గీత."

నాలుగేళ్ల చదువులో
ఈ మాట ఎవరూ చెప్పలేదు.

రోహిణి కార్తె. స్లాబు పోసి ఆరు రోజులు.
ఇప్పుడు ఎర్రగీతంతా ఒకటే పెట్టె:
'క్యూరింగ్, పద్నాలుగు రోజులు.'
మనుషుల్ని పెంచినా తగ్గదు,
కాంట్రాక్టరు అరిచినా తగ్గదు.
కాంక్రీటు తన లోపలి పని తాను చేసుకుంటుంది,
తడి మాత్రం అడుగుతుంది.
ఆ తడి
పొద్దున ఆరుకి, తొమ్మిదికి, పన్నెండుకి
ఒక పైపు, ఒక మనిషి.

ఏడో రోజు సుంకమ్మ రాలేదు.
పది గంటలకే స్లాబు
సున్నం కొట్టినట్టు తెల్లబడింది.
కుళ్లాయప్ప నేల చూస్తూ చెప్పాడు,
మూడు శనివారాలుగా కూలి అందలేదంట.
"వచ్చే బిల్లులో సర్దుదాంలే,
దానికేం తొందర" అన్నాడంట కాంట్రాక్టరు.
బోరు కింది టమోటా కోతకు పోయిందామె,
అక్కడైతే పొద్దుగూకేసరికి చేతిలో డబ్బు.

రెయిలింగు రంగుకున్న వెసులుబాటే
ఆమె కూలికీ ఉందనుకున్నారు.
తప్పు ఆయనదొక్కడిదేనా?
నా చార్టులో నలభైమూడు పెట్టెలు.
కూలి అనే పెట్టె లేదు.

పైపు నేనే పట్టుకున్నా.
మోటారు మూడుసార్లు ఆగింది.
బూట్లలోంచే అరికాళ్లు కాలాయి.
తడిపిన మూల ఆరకముందే
తడపాల్సిన మూల పిలుస్తోంది.
పద్నాలుగు రోజులు ఎంత పొడుగో
మధ్యాహ్నానికి తెలిసింది.

సాయంత్రం ఎర్రపెన్ను తీసి
క్యూరింగ్ పెట్టెకు ముందు, ఉన్న ఇరుకులోనే
ఇంకో పెట్టె గీశాను.
స్కేలు దొరకలేదు, వంకరగా వచ్చింది.
'శనివారం కూలి. వెసులుబాటు: సున్నా.'

మలుపు దగ్గర
కాంట్రాక్టరు జీపు దుమ్ము లేస్తోంది.
పెన్ను మూత పెట్టలేదింకా,
చార్టు ముందరే నిలబడి ఉన్నా.