హల్లు

మూడు రోజులైంది, దాని ఒంటి మీద రంగు లేదు.
మందారం కొమ్మ పట్టుకుని
తడిసి ఆరిన పేపరు లెక్క
పొట్ట దగ్గర ఉబ్బి, భుజం దగ్గర చిట్లి,
ఒక కన్ను నా దిక్కు, ఒక కన్ను ఫ్యాను దిక్కు.

ఫ్యాను బంద్ చేసిన.
మే నెల, చింతల్‌బస్తీ, రేకుల కింద రెండో అంతస్తు.
ఎవరు ఎవరి కుబుసం విడిపిస్తున్నరో
నాకే తెలుస్తలేదు.

నర్సింగి అవతల గుట్ట చదును చేస్తుంటే
జేసీబీ పళ్లల్ల సీతాఫలం పొదతో పాటు లేచిందట.
తన్వీర్ బిస్కెట్ డబ్బాల పెట్టుకొచ్చిండు.
"అక్కా, నువ్వు దవాఖాన్ల చేస్తవ్ గదా."

దవాఖాన్ల నేను చేసేది కట్లు విప్పుడు.
ఉస్మానియా, కాలినోళ్ల వార్డు, ఇరవై రెండేండ్లు.

అటవీ ఆఫీసాయన ఫోన్ల అన్నడు:
కాలు కూడేదాక ఉంచమ్మా, మేమొచ్చి తీస్కపోతం.
కాలు కూడింది.
ఆయన రాలే.

పేరు పెట్టింది తన్వీరే.
ఒక అడుగేసి, గాలికి ఆకు ఊగినట్టు ఎనక్కి ఊగి,
మళ్ల ఆలోచన చేసి ఇంకో అడుగు.
"హల్లు హల్లు నడుస్తది, హల్లు అనే అందాం."

ఇంటామె సుగుణాబాయి గడప దాటి లోపటికి రాదు.
"రంగులు మార్చేదాన్ని నమ్మొద్దు బిడ్డా."
నమ్మేదేముంది దీంట్ల?
చలి పెడితే ఒక రంగు, కోపమొస్తే ఒక రంగు.
మనం కడుపుల దాచుకునేది
అది తోలు మీద ఆరేసుకుంటది.
కిరాయి పెంచే నెల ముందు మాత్రం
సుగుణాబాయి గొంతు ఎంత తీపిగుంటదో.

మంజీర నీళ్లు కాచి చల్లార్చి
ఇస్త్రీ చేసే స్ప్రే సీసాల పోసిన.
ఆకుల మీద కొట్టిన, దాని మీద కాదు.
మంచు పడ్డదనుకోవాలె అది,
మనిషొచ్చిందని అనుకోవద్దు.

మధ్యాహ్నానికి వీపు పొర లేచింది.
తెల్లగ, పలుచగ, ఉల్లిపొట్టు కంటే పలుచగ,
అంచు పట్టుకుంటే చాలు ఊడొచ్చేటట్టు.
తన్వీర్ వేళ్లు ఆగలే.
చెయ్యి మీద కొట్టిన.

గుంజొద్దు.

డ్యూటీల చేరిన కొత్తల
తొమ్మిదో నంబరు బెడ్డు మీద ఒకామె.
బయట ఇంకా పద్నాలుగు మంది ఉన్నరని
ఎండిపోయిన గాజుగుడ్డ గుంజిన.
చప్పుడు చిన్నగనే వచ్చింది,
గంజి పెట్టిన చీర మడత విప్పినట్టు.
ఆమె అరవలే.
పైన తిరగని ఫ్యాను రెక్కలు లెక్కపెట్టింది.
అప్పటి సంది నేను ఆ వార్డుల గడియారం చూడను.

హల్లు వీపు కొమ్మకు రాసుకుంది, రాసుకుంది,
తలకాయ పొర టోపీ లెక్క తీసింది,
కండ్ల చుట్టు ఉన్నది కండ్లే తిప్పి తిప్పి రాల్చింది.
ఎనక పాదం ఒక్కటి మిగిలింది.
పటకారు అసొంటి పాదం, విరిగి కూడిన కాలే,
వేలికి దారం చుట్టినట్టు బిగిసిన పొర.
అట్లనే వదిలితే వేలు ఎండి రాలిపోతది.

ఇగ ఇప్పుడు ముట్టక తప్పదు.
పుల్లకు దూది చుట్టి, తడిపి,
పైకి కాదు, కిందికి కాదు, గుండ్రంగ.
హల్లు, హల్లు, అనుకుంట.
దానితోటా, నాతోటా తెల్వదు.

నోరు తెరిచి బుస్సుమంది.
పక్కలు రెండూ నల్లగైనయ్.
మూడు రోజుల తర్వాత మొదటి రంగు:
నా మీద కోపం.
ఎంత సంబురమైందో.

పొర నా బొటనవేలి గోటి మీద పడింది.
వేలు ఆకారమే, కొనగోరుతో సహా,
లోపల ఎవరూ లేరు.

"మనల్ని గుర్తు పడ్తదా అక్కా?"
ఒక కన్ను కిటికీ దిక్కు, ఒక కన్ను మిడత దిక్కు.
రెండూ మా దిక్కు తిప్పలే.

సోమవారం పొద్దున డ్యూటీ.
తొమ్మిదో నంబరు మీద కొత్త పిల్లగాడు,
టపాకాయల గోదాముల పనిచేసేటోడు.
"నొప్పి పెడ్తదా సిస్టర్?"

పెడ్తది బిడ్డా, అన్న.
సెలైన్ పోసిన.
కుర్చీ గుంజుకుని పక్కన కూసున్న.