అనపకాయల పద్దు

నాలుగో వెర్షన్ వచ్చింది.
వచ్చిందంటే, మేమే కన్నాం,
హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్‌లో, మూడో అంతస్తులో,
ఏసీ కింద చున్నీలు కప్పుకుని.

ఇకమీదట ఎవరూ ఖర్చు రాయనక్కర్లేదు.
బ్యాంకు మెసేజి చదివి యాపే రాసుకుంటుంది.
బిల్లు ముందు ఫోను పట్టుకుంటే
నలిగిన కాగితంలోంచి కూడా జీఎస్టీని ఏరుతుంది.
నోటితో చెప్పినా వింటుంది.
"ఆటోకి నూట నలభై, మీటరు మీద ఇంకో ఇరవై" అంటే
ఇరవైని విడిగా పెడుతుంది,
వెనకే వచ్చిన తిట్టుని వదిలేస్తుంది.

నా పని దాన్ని నమ్మకపోవడం.
జీతం అందుకే ఇస్తారు.

ఉత్తుత్తి లెక్కలతో పరీక్ష పెడితే
ఉత్తుత్తిగానే పాసవుతోందని
నా సొంత ఖాతా తగిలించాను.
తొమ్మిది నెలల బతుకు
రంగురంగుల గుండ్రటి బొమ్మై తిరిగింది.
ఊదారంగు అద్దె. సగం బొమ్మ అదే.
మా పెద్దమ్మ పాల లెక్క
తలుపు వెనక బొగ్గుగీతలు:
నిలువుగా నాలుగు, అడ్డంగా ఒకటి.
ఆ తలుపు ఏనాడూ అప్‌డేట్ అడగలేదు.

అప్పుడొచ్చింది, కుడిపక్క మూలన, పసుప్పచ్చగా:
"ప్రతి శనివారం. అరవై రూపాయలు. చౌడమ్మ.
మూడు వారాలుగా లేదు.
మర్చిపోయారా?"

మర్చిపోయాను.
ఖర్చుని కాదు.

మడివాళ మార్కెట్ మలుపులో
చెప్పులు కుట్టే గొడుగు పక్కన గోనెపట్టా.
అక్కడ అందరూ అవరేకాయి అంటారు.
నా నోట అనపకాయ అన్న మాట విని తలెత్తింది.
ఏ ఊరని అడగలేదు, గుప్పెడు ఎక్కువ వేసింది.
నానిన గింజని రెండు వేళ్ళ మధ్య పెట్టి
ఒక్క నొక్కు.
పప్పు గిన్నెలోకి దూకేది, తొక్క వేలికే మిగిలేది.
పక్క బండివాడితో పోట్లాడుతూ కూడా
ఆ నొక్కు తప్పేది కాదు.
పితికిపప్పు, పావుకిలో అరవై.
క్యూఆర్ అట్ట మీద ఆకుపచ్చ వేలిముద్ర.

శనివారం వెళ్ళాను.
గోనెపట్టా చోట పుచ్చకాయల బండి.
గొడుగు కింది ముసలాయన్ని అడిగితే
సూది పట్టుకున్న చెయ్యి గాల్లో ఊపాడు.
ఊరికనో, పైకనో తెలియలేదు.
రెండోసారి అడగడానికి నోరు రాలేదు.

తిరుగు బస్సులో, నిలబడి,
ఆ పసుప్పచ్చ ప్రశ్న కింద
కొత్తగా పెట్టిన మీట నొక్కాను:
"ఇప్పుడే చెల్లించండి."
పరీక్షే కదా అనుకున్నాను.
అరవై వెళ్ళిపోయింది.
అందింది అని కూడా చెప్పింది.
ఎవరికి అందిందో చెప్పే ఫీచరు
ఇంకా ఎవరూ రాయలేదు.

రాత్రి తొమ్మిదింటికి అరవై వెనక్కొచ్చింది.
కింద ఒక చీటీ.
మనవడెవరో టైపు చేసినట్టున్నాడు,
అక్షరాలు ఇంగ్లీషువి, గొంతు ఆమెదే:
"ఎవురుమ్మా నువ్వు. దుడ్డు ఊరికే పడిండాది.
వాపసు ఏసినా. అనపకాయ అయిపాయ.
మంచు పడితే మళ్ళా వస్తా."

శివరాత్రి ఎప్పుడెళ్ళింది?
మా అంతస్తులో చలి
శివశివా అని పోయే రకం కాదు,
రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట వింటుంది.

యాప్ మాత్రం ఆకుపచ్చగా వెలిగింది:
"ఆదాయం, అరవై రూపాయలు.
అభినందనలు! ఈ నెల మీ సంపాదన పెరిగింది."
దిద్దలేదు. జమలోనే ఉండనిచ్చాను.

సోమవారం పొద్దున లోపాల పట్టికలో రాశాను:
యాప్‌కి కాలాలు తెలియవు.
కాయ అయిపోతే, మనిషి మానేసిందనుకుంటోంది.
తీవ్రత: ఎక్కువ.

శ్రీవత్స చదివి, నవ్వి,
ఎక్కువని తక్కువగా మార్చి
ఐదో వెర్షన్‌లోకి తోశాడు.
అది డిసెంబరులో అట.

ఆమె కూడా అప్పుడే.
ఎవరు ముందొస్తారో చూడాలి.