ఒక సున్నా

డండీలో వాన. కరపత్రం సిరా ఆరకముందే
ఎర్ర పెన్సిల్‌తో మొరాగ్ ఒక సున్నా కొట్టేసింది.
పేటలో ఖాళీ ఇళ్ళు నాలుగు వేలు కాస్తా
నాలుగు వందలయ్యాయి.

"వాళ్ళు కోట్లలో అబద్ధమాడతారు,
మనకి ఒక్క సున్నా బరువా?" అన్నాను.

"ఓనరు తరఫు లాయరు
మన కన్నీళ్ళు చదవడు నాయనా,
ఆ సున్నాలోంచే దూరతాడు.
ఎవరు చెప్పారీ లెక్క?"

రూరీ చెప్పాడు.
రూరీకి?
బస్సులో ఎవరో.

నా మొహం చూసి జాలేసిందేమో,
టీ మరక చీటీ ఒకటి చేతిలో పెట్టింది:
కౌన్సిల్ రిజిస్టరు మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయదు.
గురువారం ఉచిత లాయరు, ఆరులోపే వెళ్ళు.
అద్దె చట్టం నకలు ఐల్సా దగ్గర, తిరిగివ్వాలి.

మెట్లెక్కాను.
నాలుగు వందల పన్నెండు.
ఆ పన్నెండులో ఒకటి
మా ఎదురిల్లే.