రసీదు లేని నిద్ర

నల్లపాడు రోడ్డు మీద మా కోల్డ్ స్టోరేజీలో
తొంభై వేల టిక్కీల మిరపకాయలు నిద్రపోతున్నాయి.
ఒక్కోదానికీ ఒక నంబరు, ఒక రసీదు, అద్దె.
ధర లేచేదాకా వాటిని ఎవరూ లేపరు.

గోడకి ఇవతల, నా రేకుల గది వెనక
ఇంకొకటి నిద్రపోతోంది.
దానికి రసీదు లేదు.

కార్తీకం వెళ్ళగానే తోటకూర మానేసింది.
దోసకాయ ముక్కకి చీమలు పట్టినా తల తిప్పలేదు.
ఓ సాయంత్రం వేపమొక్క మొదట్లో మన్ను తోడుకుని తోడుకుని
ముందు కాళ్ళు, తర్వాత మెడ,
కళ్ళలో మిగిలిన కాస్త వెలుతురూ
లోపలికి లాగేసుకుంది.
"చచ్చిపోయిందా నాన్నా?" అంది కెజియా.
లేదమ్మా, డ్యూటీ దిగింది.

డిప్ప అంచున ఒక బెజ్జం.
నాకంటే ముందు ఎవరో తాడు కట్టి పెంచారు.
పిల్లని అందులో వేలు పెట్టనివ్వను.

ఎండుటాకులు పోసి పైన పాత గోతం కప్పాను.
గోతం నిండా పోయినేటి తేజ ఘాటు.
తాబేలు తుమ్ముతుందో లేదో తెలీదు,
నేను తుమ్మాను.
మూడు నీళ్ళలో జాడించి మళ్ళీ కప్పాను.

ఆదివారం చర్చి నుంచి రాగానే
శాంపిల్ కాయలు తూచే కాటా మీద పెడతాం.
కేజీ నూట ఎనభై.
పై వారం కేజీ నూట డెబ్బై నాలుగు.
గుమస్తా పున్నారావు గారు నవ్వాడు,
"తరుగు తీస్తున్నావా ఏసోబూ?"
నిద్రకీ తరుగు ఉంటుందండీ.

తుఫాను రాత్రి కరెంటు పోయింది.
జనరేటరు మొరాయించింది.
లోపల డిగ్రీలు ఎక్కుతున్నాయని ఫోన్లో ఓనరు అరుపులు.
టార్చి పట్టుకుని పరిగెత్తాను,
గోడ వెనక్కి.
గుంటలో జానెడు నీళ్ళు.
చేతులతోనే తవ్వాను.
చల్లటి బరువు. రాయి కాదని చెప్పడానికి ఏమీ లేదు.
చాలాసేపటికి ఒక గోరు నా అరచేతిని గీరింది,
ఇంకా తెల్లారలేదు కదా అన్నట్టు.
ఇసక పోసిన డబ్బాలోకి మార్చాను.
మర్నాడు ఒక రోజు జీతం కోశారు.
అదీ తరుగే.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది.
కేజీ నూట పదకొండు.
ముందు ఎడమ కన్ను తెరిచింది.
పళ్ళెంలో నీళ్ళు ఆపకుండా తాగింది.

ఆ రోజే ప్రత్తిపాడు నుంచి ఒక రైతు వచ్చాడు,
ఏడాదిగా దాచిన తన టిక్కీలు చూసుకోడానికి.
కొత్త కాయ దిగి రేటు ఇంకా పడింది.
నా గది దగ్గర గొంతుక్కూచుని
చాలాసేపు దాన్నే చూశాడు.
"ఇది ఏ రేటు చూసుకుని లేచిందయ్యా?"

నేనేం చెప్పను.
అది తోటకూర కాడ కొరుకుతున్న చప్పుడు
ఇద్దరం వింటూ కూచున్నాం.